ప్లినీ ది ఎల్డర్ డబుల్ ఐపీఏకు ఇంటి ప్రతిరూపం: హాప్స్ మోతాదు, తాజాదనం, ఆక్సిజన్ ప్రభావం

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, సాంటా రోసా పట్టణానికి చెందిన రష్యన్ రివర్ బ్రూయింగ్ కంపెనీ తయారుచేసే ప్లినీ ది ఎల్డర్ అనే బీరు, హాప్స్ అధికంగా వాడే డబుల్ ఐపీఏ వర్గానికి ప్రామాణికంగా పరిగణింపబడుతోంది. ఈ వర్గపు తొలి వాణిజ్య బీరును విన్నీ సిలుర్జో 1994లో టెమెక్యులాలోని బ్లైండ్ పిగ్ బ్రూవరీలో తయారుచేసినట్లు సాధారణంగా చెబుతారు. అతడే తరువాత రష్యన్ రివర్‌లో పనిచేస్తూ, 2000 సంవత్సరంలో హేవర్డ్ పట్టణంలో జరిగిన డబుల్ ఐపీఏ ఉత్సవం కోసం ప్లినీని రూపొందించాడు. ఇందులో ఆల్కహాలు ఘనపరిమాణాన్ని బట్టి 8 శాతం. వెసూవియస్ అగ్నిపర్వత విస్ఫోటంలో క్రీ.శ. 79లో మరణించిన రోమన్ ప్రకృతి శాస్త్రవేత్త పేరు దీనికి పెట్టారు. ఆయన గ్రంథంలో కనిపించే ‘లూపుస్ సాలిక్టేరియస్’ అనే మొక్క హాప్ మొక్కే అన్న నమ్మకం ఈ పేరుకు ఆధారం. ఆ గుర్తింపుపై వృక్షశాస్త్రవేత్తలలో ఏకాభిప్రాయం లేదు.

వ్యవసాయ విద్యార్థులకు ఈ బీరు ఆసక్తికరం కావడానికి కారణం వేరు. దీని తయారీ సూత్రం రహస్యం కాదు. ఇళ్లలో బీరు తయారుచేసుకునేవారి కోసం సిలుర్జో స్వయంగా దానిని 2009లో అమెరికన్ హోంబ్రూవర్స్ అసోసియేషన్ పత్రిక జైమర్జీలో ప్రకటించాడు. అయినప్పటికీ అదే సూత్రాన్ని గ్రాము తేడా లేకుండా పాటించినవారికి అదే బీరు రావడం అరుదు. లోపం సూత్రంలో ఉన్నదని చాలామంది భావిస్తారు. వాస్తవానికి లోపం ఎక్కువగా ముడిసరుకు స్థితిలోను, కిణ్వనం తరువాతి దశల్లోను ఉంటుంది. హాప్ మొక్క వేరుకాండం ముక్కల ద్వారా శాఖీయంగా ప్రవర్ధనం చేయబడుతుంది. కనుక సిమ్కో రకం మొక్కలన్నీ జన్యుపరంగా ఒకదానికొకటి ప్రతిరూపాలే. అయినా ఏ రెండు తోటల సిమ్కో కూడా ఒకే రసాయన విశ్లేషణ ఇవ్వదు. జన్యురూపం ఒకటైనంత మాత్రాన దృశ్యరూపం ఒకటి కాదన్న పాఠ్యాంశానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెదకనక్కరలేదు.

అమెరికాలో స్వీయ వినియోగం కోసం ఇంట్లో బీరు తయారుచేయడాన్ని సమాఖ్య ప్రభుత్వం 1978లో చేసిన చట్టం ద్వారా అనుమతించింది. ఇద్దరు వయోజనులున్న కుటుంబానికి ఏడాదికి 200 గ్యాలన్లు పరిమితి. మన దేశంలో మత్తు పానీయాలు రాష్ట్ర జాబితాలోని అంశం. లైసెన్సు లేకుండా ఇంట్లో కాయడం తెలుగు రాష్ట్రాలలో ఆబ్కారీ నేరం. హైదరాబాదులో పనిచేస్తున్న మైక్రోబ్రూవరీలు లైసెన్సు పొందినవి. కాబట్టి ఈ వ్యాసం కిణ్వన, కోత అనంతర శాస్త్రాల అధ్యయనానికి ఉద్దేశించినదే తప్ప ఇంటి తయారీకి సిఫారసు కాదు.

ప్రకటిత సూత్రం

సుమారు 19 లీటర్ల తుది పరిమాణానికి 6 కిలోల టూ-రో లేత మాల్ట్, 272 గ్రాముల క్రిస్టల్ మాల్ట్, 272 గ్రాముల కారాపిల్స్ మాల్ట్, 340 గ్రాముల డెక్స్‌ట్రోజ్ చక్కెర నిర్దేశించారు. నానబెట్టి, మొలకెత్తించి, వేడిగాలిలో ఆరబెట్టిన బార్లీయే మాల్ట్. దీనిని నలగగొట్టి 66–67 డిగ్రీల సెల్సియస్ నీటిలో నానబెట్టినప్పుడు మొలక దశలో తయారైన అమైలేజ్ ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. ఈ తీపి ద్రవాన్ని వోర్ట్ అంటారు. ఉష్ణోగ్రత ఈ పరిధిలో ఉంటే కిణ్వనానికి అనువైన మాల్టోజ్ పాలు ఎక్కువగా ఉంటుంది. 70 డిగ్రీలకు చేరితే ఈస్ట్ తినలేని డెక్స్‌ట్రిన్లు మిగిలి బీరు చిక్కబడుతుంది.

డెక్స్‌ట్రోజ్ కలపడం చౌకతనం కోసం కాదు. వోర్ట్ ఆరంభ సాంద్రత 1.072, కిణ్వనం ముగిశాక తుది సాంద్రత 1.011గా సూత్రం చెబుతోంది. అంటే సాంద్రతలోని 72 పాళ్లలో 61 పాళ్లు, సుమారు 85 శాతం, తగ్గిపోవాలి. మొత్తం మాల్ట్‌తోనే ఇంత బలమైన బీరు కాస్తే తీపి మిగిలి హాప్స్ రుచిని కప్పివేస్తుంది. పూర్తిగా కిణ్వనం చెందే చక్కెర కొంత చేర్చితే ఆల్కహాలు పెరిగి ఒళ్లు పలచబడుతుంది. రుచి కోసమని క్రిస్టల్ మాల్ట్‌ను రెట్టింపు చేసేవారున్నారు. ఈ వర్గపు బీరులో అది హాని చేసే మార్పు.

హాప్స్ విషయానికి వస్తే, వోర్ట్‌ను 90 నిమిషాలు మరిగించే దశలో మొదట్లోనే 99 గ్రాముల కొలంబస్, మరుగు ముగియడానికి 45 నిమిషాల ముందు 21 గ్రాముల కొలంబస్, 30 నిమిషాల ముందు 28 గ్రాముల సిమ్కో వేస్తారు. మంట ఆర్పిన వెంటనే 71 గ్రాముల సిమ్కో, 28 గ్రాముల సెంటెన్నియల్ చేరుతాయి. కిణ్వనం తగ్గాక చల్లని బీరులోనే హాప్స్ నానబెట్టే డ్రై హాపింగ్‌లో మూడు రకాలూ 28 గ్రాముల చొప్పున 12 నుంచి 14 రోజులు, ఆ గడువులో చివరి 5 రోజులకు మరొక 7 గ్రాముల చొప్పున వేస్తారు. మొత్తం సుమారు 354 గ్రాములు, అనగా లీటరు బీరుకు 18 గ్రాములకు పైగా. సాధారణ లాగర్ బీరుకు లీటరుకు ఒకటి రెండు గ్రాములు చాలు. ఇంత హాప్స్ పిండి ద్రవాన్ని పీల్చుకుంటుంది కనుకనే 19 లీటర్ల బీరు కోసం పాత్రలో 22.7 లీటర్లతో మొదలుపెట్టవలసి వస్తుంది.

చేదు లెక్క

ఆడ హాప్ మొక్క పూగుత్తులలో, రేకుల మొదట్లో ఉండే పసుపు రంగు లుపులిన్ గ్రంథులలోనే బీరుకు కావలసిన సారమంతా ఉంటుంది. వాటిలోని ఆల్ఫా ఆమ్లాలు స్వతహాగా నీటిలో అంతగా కరగవు, చేదు కూడా తక్కువే. మరుగుతున్న వోర్ట్‌లో వాటి అణునిర్మాణం మారి ఐసో-ఆల్ఫా ఆమ్లాలుగా రూపొందుతాయి. ఇవే చేదునిస్తాయి. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఐసో-ఆల్ఫా ఆమ్లాన్ని ఉజ్జాయింపుగా ఒక ఐబీయూ అంటారు. ప్రయోగశాలలో బీరును ఐసో-ఆక్టేన్‌తో సంగ్రహించి, 275 నానోమీటర్ల వద్ద స్పెక్ట్రోఫోటోమీటరుతో దీనిని కొలుస్తారు.

సూత్రంలోని 99 గ్రాములు 13.9 శాతం ఆల్ఫా ఆమ్లాలున్న కొలంబస్‌కు చెప్పిన మోతాదు. చేతిలోని సరుకు 15.5 శాతం గలదైతే 99ని 13.9తో హెచ్చవేసి 15.5తో భాగించాలి. సుమారు 89 గ్రాములు సరిపోతాయి. హెక్టారుకు 100 కిలోల నత్రజని కావాలంటే 46 శాతం నత్రజని గల యూరియా 217 కిలోలు వేయాలని రైతుకు చెప్పే లెక్క ఇటువంటిదే. ప్రతిరూపం చేసేవారిలో అధికులు ఈ ఒక్క సవరణతో తృప్తి పడతారు. కాని దీనిని కొంచెం లోతుగా పరిశీలిస్తే వేరే విషయం బయటపడుతుంది.

ఇంటి తయారీదారులు విరివిగా వాడే టిన్‌సెత్ సూత్రం ప్రకారం 1.072 సాంద్రత గల వోర్ట్‌లో 90 నిమిషాల మరుగుకు ఆల్ఫా ఆమ్లాలలో సుమారు 20 శాతం మాత్రమే చేదుగా మారుతుంది. సాంద్రత పెరిగేకొద్దీ ఈ శాతం తగ్గుతుంది. 99 గ్రాముల కొలంబస్‌లో 13.8 గ్రాముల ఆల్ఫా ఆమ్లాలున్నాయి. 22.7 లీటర్లలో అవి లీటరుకు 600 మిల్లీగ్రాములకు పైగా అవుతాయి. ఇందులో 20 శాతం అంటే సుమారు 120 ఐబీయూ. తరువాతి కొలంబస్, సిమ్కో మోతాదులను కలిపితే కాగితంపై మొత్తం 160 దాటుతుంది. మంట ఆర్పాక వేసినవి ఇంకా లెక్కలో చేరలేదు. మరి సూత్రంలో పేర్కొన్న వాస్తవ చేదు 90 నుంచి 95 మాత్రమే.

ఈ తేడాకు కారణాలు స్పష్టమే. ఇంత గాఢతలో ఆల్ఫా ఆమ్లాలు పూర్తిగా కరగవు. ఏర్పడిన చేదులో కొంత మరుగులో గడ్డకట్టిన మాంసకృత్తులకు, కొంత ఈస్ట్ కణాలకు, మరికొంత డ్రై హాపింగ్‌లోని ఆకు పదార్థానికి అంటుకొని పోతుంది. టిన్‌సెత్ సూత్రం సాధారణ మోతాదులకు అమర్చినది. ఎరువుల స్పందన వక్రరేఖలో చదునైన పై భాగంలో మనం ఉన్నామన్నమాట. అక్కడ అదనపు మోతాదుకు అదనపు ఫలితం క్షీణిస్తుంది. కాబట్టి ఆల్ఫా శాతాన్ని బట్టి పది గ్రాములు సవరించడం సరైన పనే అయినా, ప్రతిరూపం అసలును పోలకపోవడానికి చేదు కారణం కావడం తక్కువ. పెద్ద బ్రూవరీలు చేదు కోసం పూగుత్తులకు బదులు కార్బన్ డయాక్సైడ్‌తో తీసిన హాప్ సారాన్ని వాడటం కూడా ఈ నష్టాలను తగ్గించుకోవడానికే.

పొట్లం మీద ముద్రించిన ఆల్ఫా శాతం చేదును గురించి చెబుతుంది. ప్లినీని ప్లినీగా చేసేది చేదు కాదు, సువాసన. దానిని గురించి ఆ అంకె ఏమీ చెప్పదు.

సువాసన, నిల్వ

సువాసననిచ్చే తైలాలు ఎండిన పూగుత్తుల బరువులో సుమారు 1 నుంచి 3 శాతం ఉంటాయి. వీటిలో అధిక భాగం మిర్సీన్, హ్యూములీన్, కారియోఫిలీన్. లినలూల్, జెరానియాల్ వంటివి స్వల్పంగా ఉన్నా ముక్కుకు బాగా తెలుస్తాయి. సిమ్కోలో లేశమాత్రంగా ఉండే గంధక సమ్మేళనాలైన థయాల్స్ పండ్ల వాసననిస్తాయి. తెలుగు పాఠకులకు పరిచితమైన మాటలలో చెప్పాలంటే సెంటెన్నియల్‌లో నిమ్మపూల వాసన, సిమ్కోలో దేవదారు చెక్క గుబాళింపుతో కూడిన పంపరపనస తొక్క వాసన, కొలంబస్‌లో ఘాటైన జిగురు వాసన ప్రధానం. మరిగే నీటి ఆవిరితోపాటు ఈ తైలాలు ఎగిరిపోతాయి. 90 నిమిషాల మరుగులో వేసిన హాప్స్ సువాసన దాదాపు మిగలదు. అందువలననే మంట ఆర్పాక, కిణ్వనం తగ్గాక వేసే మోతాదులు ఇంత పెద్దవి. వోర్ట్‌ను త్వరగా చల్లార్చడం కూడా ముఖ్యం. 80 డిగ్రీలకు పైన ఉన్నంతసేపు చివరి హాప్స్ కూడా చేదుగా మారుతూ సువాసనను కోల్పోతూ ఉంటాయి.

కోత సమయంలో పూగుత్తులలో తేమ 75–80 శాతం ఉంటుంది. కొలిమి గదులలో సుమారు 55–65 డిగ్రీల వేడిగాలితో దానిని 8–10 శాతానికి తగ్గిస్తారు. ఎక్కువ వేడి తైలాన్ని హరిస్తుంది. తక్కువ ఆరితే బేళ్లు లోపల వేడెక్కి పాడవుతాయి. మిరపను కల్లంలో ఆరబెట్టి శీతల గిడ్డంగికి చేర్చే గుంటూరు రైతుకు ఈ ఇరుకు వివరించనక్కరలేదు. ఆరబెట్టిన తరువాత క్షీణత మొదలవుతుంది. కొలంబస్ నిల్వకు బలహీనమైన రకం. 20 డిగ్రీల వద్ద ఆరు నెలలుంచితే ఆల్ఫా ఆమ్లాలలో దాదాపు సగం పోతుంది. సిమ్కో, సెంటెన్నియల్ కొంత మెరుగు. తైలం ఆక్సీకరణం చెందడమే కాక, ఆమ్లాల పక్క గొలుసులు తెగి ఐసోవలెరిక్ ఆమ్లం ఏర్పడుతుంది. ముక్కిపోయిన జున్ను వాసన దానిదే. ఈ క్షీణతను నిల్వ సూచికతో అంచనా వేస్తారు. 275, 325 నానోమీటర్ల వద్ద శోషణల నిష్పత్తే ఈ సూచిక. తాజా సరుకులో ఇది సుమారు 0.25 ఉంటుంది.

అందుచేత ఏ సంవత్సరపు కోత, పొట్లంలో నత్రజని నింపారా, దుకాణంలో దానిని అతిశీతల పెట్టెలో ఉంచారా లేక అరలో పేర్చారా అన్న మూడు ప్రశ్నలు గ్రాముల సవరణ కంటే ముందు అడగవలసినవి. వాణిజ్య బ్రూవరీ కోత కాలంలో యాకిమా లోయకు వెళ్లి, వేరువేరు తోటల బేళ్లను అరచేతుల్లో నలిపి వాసన చూసి, నచ్చిన దానిని సంవత్సరానికి సరిపడా కొనుగోలు చేస్తుంది. ఇంటి తయారీదారుకు మిగిలేది ఎవరూ ఎంచుకోని సరుకు కావచ్చు. నా దృష్టిలో ప్రతిరూపానికీ అసలుకూ మధ్య పూడ్చలేని అంతరం ఇదొక్కటే.

వాతావరణం కూడా ఈ అంతరాన్ని పెంచుతోంది. ఎండ, పొడి ఎక్కువైన వేసవులలో ఆల్ఫా ఆమ్లాలు తగ్గుతాయి. యూరప్ హాప్స్‌లో 2050 నాటికి ఇవి 20 నుంచి 31 శాతం తగ్గవచ్చని 2023లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. మన దేశంలో హాప్స్ సాగు హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్ లోయకు పరిమితం. వేసవిలో దీర్ఘమైన పగళ్లు ఈ మొక్క ఎదుగుదలకు అవసరం. హైదరాబాదులో అతి దీర్ఘమైన పగలు 13 గంటలను కొద్ది నిమిషాలు మాత్రమే మించుతుంది.

ఈస్ట్, మళ్లీ మొదలయ్యే కిణ్వనం

ఈస్ట్ విషయంలో రహస్యమేమీ లేదు. తటస్థ రుచి గల కాలిఫోర్నియా ఏల్ రకం ఏదైనా సరిపోతుంది. కావలసింది తగిన సంఖ్య. మిల్లీలీటరుకు, ప్రతి డిగ్రీ ప్లేటోకు 7.5 లక్షల కణాలన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. 1.072 సాంద్రత సుమారు 17.5 డిగ్రీల ప్లేటోకు సమానం. 20 లీటర్లకు 26 వేల కోట్ల కణాలు కావాలి. పొడి ఈస్ట్ చిన్న పొట్లం ఒకటి కాక రెండు వేయాలని అనుభవజ్ఞులు చెప్పడంలోని అంతరార్థం ఇదే. 19–20 డిగ్రీలు దాటనీయకపోతే ఘాటైన ఆల్కహాలు వాసనలు రావు.

డ్రై హాపింగ్‌లో మాత్రం జాగ్రత్త అవసరం. హాప్ పూగుత్తులలో స్వతహాగా పిండిని విడగొట్టే ఎంజైములుంటాయి. చల్లని బీరులో అవి నశించవు. ఈస్ట్ తినలేక విడిచిన డెక్స్‌ట్రిన్లను అవి చిన్న చక్కెరలుగా తుంచుతాయి. అడుగున ఉన్న ఈస్ట్ మేల్కొని వాటిని కిణ్వనం చేస్తుంది. దీనిని హాప్ క్రీప్ అంటారు. ఇంగ్లండులో బ్రౌన్, మోరిస్ 1893లోనే దీనిని వర్ణించారు. పీపాలో డ్రై హాపింగ్ చేసిన బీరు తిరిగి పొంగడం వారి పరిశీలన. శతాబ్దానికి పైగా మరుగునపడిన ఈ విషయం, హాప్స్ వాడకం విపరీతంగా పెరిగాక ఓరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో తిరిగి పరిశోధనాంశమైంది.

ఇంటి తయారీలో ఇది ప్రమాదానికి దారితీస్తుంది. సాంద్రత నిలకడకు వచ్చిందనుకొని డ్రై హాపింగ్ అయిన వెంటనే సీసాలకు ఎత్తితే, లోపల సాంద్రత మరో 0.004 పడిపోవచ్చు. ప్రతి 0.001కి బీరు ఘనపరిమాణంలో సుమారు సగం మేర కార్బన్ డయాక్సైడ్ అదనంగా పుడుతుంది. అంటే రెండింతల ఘనపరిమాణం. నురగ కోసం కావాలని వేసే చక్కెర వాయువు దీనికి అదనం. గాజు సీసా పగిలి గాయపరచడానికి ఇది చాలు. పగలకపోయినా, కొత్త కిణ్వనంలో పుట్టే డయాసిటైల్ వలన వెన్న వాసన వస్తుంది. డ్రై హాపింగ్ తరువాత కనీసం మూడు రోజుల ఎడంతో రెండుసార్లు హైడ్రోమీటరు అంకె మారలేదని చూసుకోవాలి. బీరు కొంత నమూనాను మూతపెట్టి వేడినీటిలో ఉంచి, చల్లార్చి వాసన చూడటం డయాసిటైల్‌కు సులభమైన పరీక్ష.

ఆక్సిజన్

కిణ్వనానికి ముందు వోర్ట్‌కు ఆక్సిజన్ అవసరం. ఈస్ట్ కణపు పొరల నిర్మాణానికి అది కావాలి. కిణ్వనం ముగిశాక అదే ఆక్సిజన్ శత్రువు. హాప్స్ సువాసన గల బీరులో అది మొదట పండ్ల వాసనను మాపి, తరువాత రంగును ముదురు చేసి, చివరకు తడిసిన అట్టపెట్టె వాసన తెస్తుంది. వాణిజ్య బ్రూవరీలు సీసాలోని ఆక్సిజన్‌ను వందకోట్ల పాళ్లలో కొన్ని పదుల పాళ్లకు పరిమితం చేస్తాయి. గొట్టంతో సీసా నింపే ఇంటి పద్ధతిలో ఇది సాధ్యం కాదు. ముందుగా కార్బన్ డయాక్సైడ్ నింపిన పీపాలోకి మూసిన గొట్టం ద్వారా బీరును పంపడం కొంతవరకు దగ్గర దారి. డ్రై హాపింగ్ కోసం పాత్ర మూత తెరిచిన ప్రతిసారీ గాలి లోపలికి వెళుతుంది. ప్రకటిత సూత్రంలో రెండు విడతలున్నాయి. పాత్రలోకి వాయువు పంపే వసతి లేనివారు రెండింటినీ కిణ్వనం పూర్తిగా ఆగకముందే ఒకేసారి వేయడం, సూత్రానికి విరుద్ధమైనా, ఫలితానికి దగ్గరగా ఉంటుంది. మిగిలిన ఈస్ట్ ఆ గాలిని కొంత వినియోగించుకుంటుంది. అసలు ప్లినీ సీసా మీదనే దీనిని నిల్వ ఉంచవద్దనీ, చల్లగా ఉంచి తాజాగా తాగమనీ రాసి ఉండటం గమనార్హం.

పోలిక పరీక్ష

ప్రతిరూపం అసలును పోలినదో లేదో తయారుచేసినవారే రుచి చూసి తేల్చడం చెల్లదు. త్రికోణ పరీక్ష ఇందుకు తగినది. ఒక్కొక్కరికి మూడు గ్లాసులిస్తారు. రెండింట ఒక బీరు, ఒకదానిలో మరొకటి ఉంటుంది. భిన్నమైనదానిని గుర్తించమంటారు. గ్లాసులకు మూడంకెల యాదృచ్ఛిక సంఖ్యలుండాలి, క్రమం మారుతుండాలి, రంగు తేడా కనబడకుండా ముదురు గ్లాసులు వాడాలి. కేవలం ఊహించినా మూడింట ఒకరు సరిగ్గా చెబుతారు. 12 మందిలో కనీసం 8 మంది సరిగ్గా గుర్తిస్తేనే 5 శాతం స్థాయిలో తేడా ఉన్నట్లు. 24 మందికి ఈ సంఖ్య 13.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచు జరుగుతాయి. 12 మందిలో 6 మందే గుర్తించారు గనుక రెండు బీర్లూ ఒకటేనని ప్రకటించడం మొదటిది. తేడా రుజువు కాకపోవడం, సమానత్వం రుజువు కావడం ఒకటి కాదు. సమానత్వాన్ని చూపాలంటే పరీక్షకుల సంఖ్య చాలా పెంచాలి. రెండవది, పోలికకు తెచ్చిన అసలు బీరు వయస్సును నమోదు చేయకపోవడం. సాంటా రోసా నుంచి ఖండం అవతలికి వేడి లారీలో ప్రయాణించి రెండు నెలలైన సీసాతో పోల్చి, ఆ బీరును అనుకరించగలిగామంటే అనుకరించింది పాతబడిన బీరును. పోలిక పట్టికలో సీసా నింపిన తేదీ, నిల్వ ఉష్ణోగ్రత, హాప్స్ కోత సంవత్సరం అన్న మూడు గడులు ముందుగా నింపిన తరువాతనే గ్లాసులు అమర్చాలి.